ముప్పై సెకన్ల తేడా

మిలాద్ బతుకంతా వాదీ సల్మా ఎయిర్‌పోర్టు టవర్‌లో, విమానాలకు దారి చెబుతూ రేడియో ముందే గడిచింది. యుద్ధంలో ఊరు ఖాళీ అయ్యాక పొరుగు దేశంలోని స్ఫాక్స్‌లో చెల్లెలు నాజియా ఇంట్లో ఒక గది దక్కింది. ఆ గదిలో కంప్యూటర్ మీద విమానం నడిపే ఆట పెట్టుకుని రోజూ తన ఊళ్ళో దిగుతుండేవాడు.

దిగిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఎయిర్‌పోర్టుకు దక్షిణాన ఖబరస్తాన్. భార్య మబ్రూకాని పూడ్చింది అక్కడే. ఆటలో మాత్రం రన్‌వే సరిగ్గా దాని మీదుగానే పోయేది. ఖబరస్తాన్ తెల్లగోడ అటు కాస్త, ఇటు కాస్త కనిపించి మధ్యలో మాయమయ్యేది.

కారణం మిలాద్‌కి వెంటనే తట్టింది. రన్‌వే అక్షాంశం చివర ముప్పై సెకన్లంటే అర నిమిషం, అంటే పాయింట్ యాభై. ఎవడో దాన్ని పాయింట్ ముప్పై నిమిషాలని ఎక్కించి ఉంటాడు. టవర్‌లో కొత్తగా చేరినవాళ్ళంతా చేసే పొరపాటే. దాంతో రన్‌వే నాలుగు వందల మీటర్ల దాకా దక్షిణానికి జరిగిపోతుంది. లెక్క కుదిరిన రోజు బార్లీ పిండితో చేసే బజీన్ ముద్ద మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు. లేని విమానాలకు దారి సరిచేస్తే జీతం ఎవరిస్తారన్నయ్యా అని నాజియా ఎగతాళి చేస్తే నవ్వేశాడు.

ఆట తయారుచేసేవాళ్ళకు రాశాడు. ఈమధ్య తీసిన శాటిలైట్ ఫోటోతో పోల్చి చూశామని, అంకెలు సరైనవేనని వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. మిలాద్‌కి ఒళ్ళు మండింది. ఊళ్ళోనే ఉండిపోయిన పాత స్నేహితుడు ఫర్జ్‌కి ఫోన్ చేసి, రన్‌వే దగ్గరికెళ్ళి ఫోన్‌లో అక్షాంశం అంకెలు చూసి చెప్పమన్నాడు. సైనికులు రానివ్వరని ఒకసారి, మోకాళ్ళ నొప్పులని ఒకసారి ఫర్జ్ మాట దాటేశాడు.

"ఒక్క పని చెబితే ఇన్ని సాకులా? పోనీ, ఖబరస్తాన్ గోడ దగ్గర్నించి చూడరా."

"గోడ లేదురా మిలాద్."

మిలాద్ తెర మీది తెల్లగోడ వైపు తిరిగాడు. ఫర్జే మళ్ళీ అందుకున్నాడు.

"పాత రన్‌వే అంతా బాంబుల గుంటలు. సైనికులు పక్కన కొత్తది వేసుకున్నారు. నీకెలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను."

"మరి మబ్రూకాని ఎక్కడికి మార్చారు?"

"ఎవర్నీ ఎక్కడికీ మార్చలేదు. ఒక్క పూటలో బుల్డోజర్‌తో చదును చేసేశారు."

ఫోన్ పెట్టేశాక మిలాద్ ఆటలో అంకెలుండే చోటు తెరిచాడు. పాయింట్ ముప్పై చెరిపేసి పాయింట్ యాభై కొట్టాడు. రన్‌వే ఉత్తరానికి జరిగింది. ఆటలో ఇంకా మిగిలిన పాత బొమ్మలో తెల్లగోడ చుట్టూ కలుసుకుంది. కొత్త అంకెలు వచ్చి పడకుండా ఇంటర్నెట్ తీగ పీకేసి, విమానం ఎక్కకుండా ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు.

తప్పు దొరికిందా అని గుమ్మంలోంచి అడిగింది నాజియా.

"దొరికింది," అన్నాడు మిలాద్. "సరిచేశాను."