మడుగుకు ఎవరు కాపలా

డెబ్బయ్యవ దశకం చివర నేను ప్రభుత్వంలో చేపల పెంపకం చూసే చిన్న ఉద్యోగిని. ముదిగుబ్బ దాటి లోపలికి పోతే ఒక చెరువు ఉండేది. ఎండాకాలంలో అది ఎండిపోయి, తూము ముందర ఒక మడుగు మాత్రం మిగిలేది. బతికిన చేపలన్నీ అందులోకి చేరేవి. వాన పడి కొత్తనీళ్లు వస్తే, చెరువంతా మళ్లీ నింపవలసింది అవే.

అక్కడి బెస్తవాళ్లు మడుగు మధ్య కర్ర నాటి వేపమండ కట్టేవారు. మండ కట్టాక కొత్తనీళ్లు వచ్చేదాకా వల దిగకూడదు. ఇంటికొకరు వంతులవారీగా కాపలా ఉండేవారు. బాలింతకు కావాలంటే మాత్రం అందరికీ చెప్పి, గాలంతో ఒక కొరమీను పట్టేవారు. కట్టుబాటు తప్పినవాడికి ఆ ఏడు చెరువులో వాటా లేదు.

సర్కారు చెరువులో కట్టడి చేయడానికి వీళ్లెవరు అనుకున్నాను నేను. కర్ర పీకించి, గట్టు మీద రేకు బోర్డు పాతించాను: ఇక్కడ చేపలు పట్టడం నేరం. సంతలో చేపలమ్మే ఒక ఆమె వాళ్లకు పెద్దదిక్కు. బోర్డు చుట్టూ తిరిగి చూసింది.

“అయితే ఇంక నువ్వు కాస్తావా అప్పా?”

“సర్కారు కాస్తుందిలే అక్కా.”

“మంచిది. మా మొగోళ్లు ఇంటికాడ నిద్రన్నా పోతారు.”

వాళ్ల కాపలా ఆగిపోయింది. నేను మనిషిని పెట్టలేదు. అప్పుడప్పుడూ సైకిల్ మీద పోయి చూసి వచ్చేవాణ్ని.

ఒకసారి పైఅధికారి క్యాంపుకు వచ్చి, భోజనంలోకి చేపలుంటే బాగుంటుందన్నాడు. ఆయన బలవంతం చేయలేదు. మెప్పు కోసం నేనే వల తెప్పించి మడుగులో వేయించాను. మేకలు తోలుకుపోయేవాళ్లు గట్టు మీద నిలబడి చూశారు.

మళ్లీ నేను పోయేసరికి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గంపలతో, పాత చీరలతో దిగి మడుగును అడుగంటా ఊడ్చేశారు. బెస్తవాళ్ల మీద కేకలేశాను.

“మమ్మల్నంటావేమప్పా? మేము గట్టే దిగలేదు. సారోళ్లు పట్టొచ్చని ఆ రేకు మీద యాడ రాసినావు? నాకు సదువు రాదు, నువ్వే సదివి చెప్పు,” అందామె. పక్కనున్నవాళ్లు నవ్వారు.

ఎండకు చేపలు చచ్చిపోయాయని పైఅధికారికి చెప్పాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఆ ఏడు వానలు పడి చెరువు నిండింది. చేప లేదు. బెస్తవాళ్లలో కొందరు బెంగుళూరుకు కూలికి పోయారు. నేను జీపులో చేపపిల్లల డబ్బాలు తీసుకుపోయి, మిగిలినవాళ్లను గట్టు మీదికి పిలిచి, ఇవి వదులుతాను, ఇకమీద కాపలా మీరే చూసుకోండి అన్నాను.

ఆమె డబ్బాలోకి తొంగి చూసింది. “కాస్తాము. పోయినోళ్లను పిలిపిస్తాము. మీ సారు మళ్లీ వస్తే అడ్డం నిలబడతాము. అప్పుడు నువ్వు యా పక్క ఉంటావు?”

మీ పక్కేనని అనడం ఎంతసేపు? కాని నా సంగతి నాకు తెలుసు.

“అది నా చేతిలో లేదక్కా.”

“నీ చేతిలో లేనిది మా చేతిలోంచి ఎందుకు పీక్కుంటివి?”

వాళ్లు గట్టు దిగి వెళ్లిపోయారు. డబ్బాలు వెనక్కి తీసుకుపోతే ఆఫీసులో ఎందుకని అడుగుతారు. కాపలా లేని ఆ నీళ్లలోనే చేపపిల్లల్ని వదిలేసి జీపెక్కాను.