శనివారం కుర్చీ

పెద్దమేడం ఇక లేరని సోమవారం పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. పిల్లలు అప్పుడే ప్రార్థనకు వరుసలో నిలబడుతున్నారు. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇక శనివారం బడికి ఎవరొస్తారు?

చిట్యాల దగ్గర మాది ఇద్దరు టీచర్ల చిన్న బడి. ఆమె హెడ్‌మాస్టరు, నేను రెండో టీచర్ని. ప్రతి శనివారం మధ్యాహ్నం ఊళ్లోంచి ఒకరు చుట్టంగా వచ్చి పిల్లలకు తమ పని చూపించేవారు. ఆ గంటసేపు మేడం తన ప్లాస్టిక్ కుర్చీ చుట్టానికిచ్చి, తను పిల్లలతోపాటు చాప మీద కూర్చునేవారు. ప్రశ్నలు కూడా పిల్లలకంటే ఆమెవే ఎక్కువ.

"స్తంభమెక్కినంక కిందికి జూస్తె ఏమనిపిస్తది తమ్మీ?" అని ఒకసారి లైన్‌మన్‌ను అడిగారు.

"భయమైతది మేడం. రోజూ ఎక్కుత, రోజూ భయమే."

"ఇన్నవా సారూ?" అని నావైపు తిరిగి నవ్వారు. నా పిరికితనం ఆమెకు బాగా తెలుసు.

శుక్రవారం సాయంత్రం బడి వదలగానే చుట్టం ఇంటికి నడిచి వెళ్లి, గడప దగ్గర నిలబడి పిలిచి వచ్చేవారు. ఫోన్ చేస్తే సరిపోదా అంటే ఒప్పుకునేవారు కాదు. "ఫోన్ల పిలిస్తె ఫోన్లనే వస్తమంటరు," అనేవారు.

ఒక వారం ఆమె ట్రైనింగుకు వెళ్తూ ఆ పని నాకు అప్పజెప్పారు. చుట్టం, మా ఊరి మగ్గం తాత. మర్యాదకు లోటు రాకూడదని చిట్యాలలో శాలువా కొన్నాను, బ్యానర్ కట్టించాను. శాలువా కప్పగానే తాత దాని అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. అది మరమగ్గం బట్ట. నాకు తట్టనే లేదు. పైగా, "రెండు మాటలు మాట్లాడండి తాతా," అన్నాను. ఆయన పిల్లలవైపు చూశాడు, నోరు తెరిచాడు, మూసుకున్నాడు. తెచ్చిన నూలు విప్పకుండానే వెళ్లిపోయాడు.

తిరిగొచ్చాక మేడం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "చేనేతాయనకు మరమగ్గం శాలువానా సారూ?" తర్వాత నెమ్మదిగా అన్నారు, "ఉపన్యాసమడిగితె ఎవ్వరైనా బెదుర్తరు. పని అడుగు. నువ్వే పోయి మల్ల పిలువు."

నేను వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? ఆమె మాత్రం ప్రతి శుక్రవారం, "తాత దగ్గరికి పోయినవా?" అని అడుగుతూనే ఉన్నారు. వచ్చేవారం పోతానని నేను చెబుతూనే ఉన్నాను.

ఆమె చనిపోయిన ఆ వారమే శుక్రవారం వచ్చింది. అడిగేవారు లేరు. ఆమె కోసం వచ్చే మనుషులు నా మాటకు వస్తారన్న నమ్మకం నాకు లేదు. అయినా తాత గడప ముందు నిలబడ్డాను. మగ్గం చప్పుడు ఆగింది.

"తాతా, రేపు బడికి రావాలె. మాట్లాడేదేం లేదు. పని చూపిస్తె చాలు."

"మేడం లేదు గదా."

"లేదు. అందుకే నేనొచ్చిన."

మగ్గం మళ్లీ మొదలైంది. అది సరేననో, వెళ్లమనో అర్థం కాక తిరిగొచ్చాను.

శనివారం అన్నాలయ్యాక చాప పరిచి, కుర్చీ వేశాను. "చుట్టమెవరు సారూ?" అని పిల్లలు అడుగుతుంటే గేటువైపు చూస్తూ నిలబడ్డాను. పావుగంట గడిచింది. ఈ ఒక్క శనివారం తప్పితే ఆమె కట్టిందంతా నా చేతుల్లోనే విడిపోతుందనిపించింది.

తాత వచ్చాడు. చంకలో మూట. అది నేను కప్పిన శాలువాయే.

"కప్పుకొనీకె పనికిరాదు గనీ సారూ, మూటకైతె మంచిగున్నది," అన్నాడు.

కుర్చీలో కూర్చోలేదు. రంగులో ముంచినా కొన్నిచోట్ల రంగు పట్టకుండా పోగులకు ముడులెలా వేస్తారో చూపించాలంటే పోగులు బిగువుగా ఉండాలట. అటూ ఇటూ చూసి, మూటలోంచి పోగులు తీసి ఒక కొస మేడం కుర్చీ చేతికి కట్టాడు. రెండో కొస పిల్లల చేతికిచ్చాడు. సైకిల్ ట్యూబు పీలికలతో ముడి వేయడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి చాప మీద కూర్చున్నాను.

"ముడి సరిగ్గ పడకపోతె ఎట్ల తాతా?" అని అడిగాను.

"రంగుల ముంచి తీసినదాక తెల్వదు సారూ. గప్పటిదాక భయమే."

పిల్లలు పోగులను గట్టిగా పట్టుకున్నారు. తాత ముడి బిగించినప్పుడల్లా మేడం కుర్చీ పిల్లలవైపు కొద్దికొద్దిగా జరుగుతోంది.