ఎడమ మీట

పన్నెండేళ్లు నిండాయో లేదో, పిల్లకి పదోన్నతి వచ్చింది. అప్పటిదాకా రేకు డబ్బాల షెడ్డులో మూతల అంచులు తుడిచేది. ఇప్పుడు వాళ్ల నాన్న పక్కనే, రేకులోంచి మూతలు కోసే మిషను మీద కూర్చోబెట్టారు. ఆ రోజు నాన్నతోపాటు ఆమెకీ అమ్మ ముందుగా వడ్డించింది. పిల్ల ఉబ్బితబ్బిబ్బయింది. ఆ సంబరం మర్నాడు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

ఆ మిషనుకి రెండు మీటలు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేగానీ పైనున్న అచ్చు కిందికి దిగదు. చేతులు మీటల మీదే ఉంటాయి కాబట్టి వేళ్లు అచ్చు కింద నలిగే ప్రమాదం లేదు. దాన్ని తయారుచేసినవాడెవడో గానీ పిల్లలున్నవాడై ఉంటాడు. మన షెడ్డువాళ్లు అంతకన్నా తెలివైనవాళ్లు. ప్రతి మిషనుకీ ఎడమ మీటని నొక్కిపెట్టి సందులో పుల్ల దూర్చేశారు. ఇక కుడిచేతికి మీట, ఎడమచేతికి రేకు. పని రెట్టింపు. ఆ తెలివి నాన్న ఎడమ చూపుడువేలిని సగానికి తినేసింది. షెడ్డులో అందరూ ఆయన్ని 'నాలుగున్నర' అంటారు. ఆయనా నవ్వుతూనే పలుకుతాడు.

అచ్చు దిగిన ప్రతిసారీ పిల్లకి గుండె జారిపోయేది. చేయి వెనక్కి తీసుకుందో లేదో చూసుకునేది. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా చెవుల్లో అదే చప్పుడు. నాన్నతో చెప్పాలంటే అంతకన్నా భయం. కొడతాడని కాదు, ఆయన ఎన్నడూ చెయ్యెత్తలేదు. మా పిల్ల చేయి నాకంటే జోరని మేస్త్రీ దగ్గర మురిసిపోయే మనిషి. ఆ మురిపెం చూస్తే ఆమెకి నోరు పెగిలేది కాదు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక చెప్పేసింది. "నాన్నా, నాకు మిషనంటే భయమేస్తోంది. మళ్లీ తుడిచే పనికే పోతా."

నాన్న కోప్పడలేదు. కాసేపు తన మొండివేలు నిమురుకున్నాడు.

"సరేలేమ్మా. దాని ముందు భయపడుతూ కూర్చోకూడదు. రేపట్నుంచి తమ్ముణ్ణి కూర్చోబెడదాం. వాడికి భయమంటే తెలీదు."

తమ్ముడు ఎగిరి గంతేశాడు. ఇన్నాళ్లూ అక్క తనకన్నా ముందు తింటుంటే కుళ్లుకున్నవాడు మరి. ఇక తనకే ముందు వడ్డించాలని అప్పుడే అమ్మతో ఒప్పందం చేసుకున్నాడు. రెండు చేతులూ చాచి, ఎంత గట్టివో చూడమన్నాడు. గోళ్లలో ఆడుకున్న మట్టి ఇంకా అలాగే ఉంది. అమ్మ తల తిప్పుకుంది. పిల్ల ఆ వేళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

తెల్లారి వాడు తల దువ్వుకునేలోగా ఆమె షెడ్డుకి పరిగెత్తింది. ఎడమ మీట సందులోంచి పుల్ల పీకి పారేసి మిషను ముందు కూర్చుంది. కాసేపటికి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నాన్న వచ్చాడు. ఆమెనీ, మీటనీ చూసి ఆగిపోయాడు.

"మేస్త్రీ చూస్తే పుల్ల మళ్లీ పెట్టిస్తాడే."

"పెట్టించినప్పుడు చూద్దాం."

"భయం పోయిందా?"

"పోయింది. వాణ్ణి ఇంటికి పంపెయ్ నాన్నా."

రెండు మీటల మీదా అరచేతులు గట్టిగా అదిమి పెట్టింది. అలా అదిమితే వణుకు పైకి కనబడదు.