పిన్ని చెప్పిన అంకె

మొన్న మా కోడలు నడుం నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుని, మధ్యాహ్నానికల్లా ఆటోలో ఇంటికి వచ్చేసి, ఏమీ జరగనట్టు బెండకాయలు తరుగుతూ కూర్చుంది. ఆ పూటంతా నాకు ఎందుకో కాలు ఒకచోట నిలవలేదు. వీధిలోకి వెళ్లడం, మళ్లీ లోపలికి రావడం. మా పిన్ని గుర్తుకొచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. బిగుసుకుపోయిన కండరాలను సడలించే ఇంజెక్షన్ ఒకటి నడుం నొప్పికి ఏమాత్రం పనిచేస్తుందో అప్పట్లో అక్కడ పరీక్షించి చూస్తుండేవారు. ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లలో సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీరు. ఎవరికి ఏది పడిందో వాళ్లకీ తెలియదు, మాకూ తెలియదు, ఆ వివరమంతా సీలు వేసిన కవర్లలో ఉండేది. రెండు వారాలకొకసారి నొప్పి ఎంతుందో అడిగి, సున్నా నుంచి పది దాకా వాళ్లు చెప్పిన అంకెను కాగితం మీద వేయడం నా పని.

ఘంటసాలలో ఉండే మా పిన్ని, కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఏటా వరి ఊడ్పుల్లో వంగి వంగి నడుం పోగొట్టుకున్న మనిషి. నేనే బతిమాలి ఆమెను ఇందులో చేర్పించాను. మొదటిసారి ఎనిమిదన్న మనిషి, ఇంజెక్షన్ పడ్డాక ఆరంది, నాలుగంది, చివరికి రెండంది. నాకు పట్టలేనంత సంతోషం. బస్సులో పక్క సీట్లో ఎవరు కూర్చున్నా ఆ సంగతే చెప్పేదాన్ని.

శ్రావణంలో ఒకరోజు అవనిగడ్డలో ఇంకో రోగిని చూసి వస్తూ, దారిలో చల్లపల్లిలో బస్సు దిగి, కబురైనా లేకుండా ఘంటసాలలో పిన్ని ఇంటికి వెళ్లాను. పెరట్లో ఆమె స్తంభం పట్టుకుని, మోకాళ్ల మీద లేవబోయి లేవలేక, మళ్లీ నేల మీదికి జారిపోతోంది. నన్ను చూసి గబుక్కున నవ్వబోయింది గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నేను పట్టుకుని లేపి, ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను.

“నొప్పి తగ్గలేదంటే నీ ఉద్యోగం తీసేస్తారేమో అనుకున్నానే అమ్మాయ్,” అంది.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. చెబితే, నా మనిషిని చేర్పించి నేనే అంకెలు వేయించానంటారేమోనని భయం. చెప్పకపోతే, ఆ రెండు అన్న అంకెను నమ్మి ఎవరో తమ నడుం ఆ మందుకు అప్పజెప్పుకుంటారే అన్న బెంగ. వార్డులో ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దగ్గరికి ఊరికే తిరిగాను. నాలుగో రోజు పెద్ద డాక్టరు గారికి చెప్పేశాను. ఆయన కసరలేదు. పిన్నిని పిలిపించి, నన్ను గది బయట ఉండమని, తనే అడిగారు. కొత్త మనిషి ముందు పిన్ని తన నొప్పి ఏడు అని చెప్పిందట. పాత అంకెలు కొట్టేయకుండా వాటి పక్కన జరిగింది రాయించి, ఆ రోజు నుంచి పిన్ని కాగితాలు ఇంకో నర్సుకి అప్పగించారు. నా ఉద్యోగం ఎక్కడికీ పోలేదు.

కొన్నాళ్లకు పరీక్ష ముగిసి కవర్లు తెరిచారు. పిన్నికి పడింది ఉప్పునీరు కాదు, మందే. ఆ మాట చెప్పడానికి గుండె దిటవు చేసుకుని వెళ్లాను.

“అయితే ఆ మందుదేం తప్పు లేదు, నా నడుమే మొండిది,” అని నవ్వేసింది.

తర్వాత డాక్టరు గారు నేర్పించిన వ్యాయామాలు చేసి, రెండేళ్లు ఊడ్పులు మానేశాక కాస్త తేరుకుంది గానీ, పూర్తిగా నిటారుగా నిలబడగా నేను మళ్లీ చూడలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ దారిలో వెళ్తుంటే చాలా చేలల్లో విత్తనం వెదజల్లేస్తున్నారు, వరసగా వంగిన ఆడవాళ్లు ఎక్కడో గానీ కనబడరు. అది మంచికే, ఆ నడుములకు విశ్రాంతి రావాల్సిందే. కాకపోతే, నీకెంత నొప్పి అని అడిగితే అడిగినవాళ్ల మొహం చూసి తన నొప్పి తగ్గించి చెప్పే మనిషి, నాకంటూ ఇంకెవరూ మిగల్లేదు.