ఆవిరి పట్టిన నవల

పిల్లలూ, ముందు ఒక ప్రశ్న. ఇడ్లీ పాత్రలో ఇడ్లీలు కాకుండా ఇంకేం పెట్టి ఉడికించవచ్చు?

"మోమోస్!" అంటుంది చిట్టి. "గుడ్లు, అమ్మమ్మా!" అంటాడు పండు.

రెండూ తప్పే. నిన్న మీ అమ్మమ్మ ఒక పుస్తకాన్ని ఉడికించింది. నవ్వకండి! వరసగా చెప్తాను, వినండి.

యారాడలో ఉండే మా అప్ప తెలుసు కదా, మా అక్క, నాకు పన్నెండేళ్ళు పెద్ద. మా నాన్న పోర్టులో కళాసీ. ఆయన ఒక్కడి కూలి ఇంటికే చాలేది కాదు. అప్ప పూర్ణా మార్కెట్‌లో చేపల తట్ట ముందు కూర్చుని నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించింది. తను మాత్రం బడి గడప తొక్కలేదు. ఇది గుర్తుంచుకోండి.

సోమవారం నాడు అప్ప పాత చీర ముక్కలో చుట్టిన మూట తెచ్చింది. విప్పితే నాకంటే ఎక్కువ వయసున్న చారిత్రక నవల! తొలి ముద్రణ. కోటలు, సొరంగాలు, మారువేషాలు, గుర్రం మీంచి నదిలోకి దూకే వీరుడు. నాన్న కూడబలుక్కుంటూ పైకి చదివిన పుస్తకం.

"నాన్నది. పెట్టి అడుగున దొరికింది. జాగర్తగా ఉంచు, ఆదోరం వత్తాను," అని చెప్పి బస్సుకి వెళ్ళిపోయింది.

జాగ్రత్తగా ఉంచమంటే బీరువాలో పెట్టాలి. అంతే కదా? కానీ నేను టీచర్ని! ఏటా జూన్‌లో స్కూలు లైబ్రరీ పుస్తకాలకి వైద్యం చేసిన చెయ్యి ఇది. అట్ట వదులుగా ఉంది, అంచుల్లో పురుగు కొట్టింది. ఇక ఆగుతానా? మైదా ఉడికించాను, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపాను. దబ్బనంతో కుట్టాను. అట్టలు ఊడకుండా ముందూ వెనకా లోపలివైపు దళసరి తెల్ల కాగితం అంటించాను. పైన బ్రౌన్ పేపర్ అట్ట. దాని మీద లేబుల్. మురిసిపోయి ఫోటో కూడా తీసుకున్నాను!

నిన్న పొద్దున్న అప్ప ఫోను.

"ఏటే, నాన్న రాత సదివేవా?"

"ఏ రాత అప్పా?"

"ఎనకట్ట లోపల ఉంది కదే! నువ్వు పుట్టిన ఏడు పెన్సిల్‌తో రాసేడు. ఏటి రాసేవంటే నవ్వీసేవోడు, సెప్పేవోడు కాదు. నాకు సదువు రాదు. వేరేవోళ్ళ సేత సదివించడం నాకిష్టం లేదు. ఇన్నాళ్ళకి పుస్తకం దొరికింది, నీ నోటితోనే ఇనాలి."

పరుగున వెళ్ళి పుస్తకం తెరిచాను పిల్లలూ. కళ్ళజోడు వంటింట్లో వదిలేసి, అలవాటు కొద్దీ ఆ రాత మీదే తెల్ల కాగితం అంటించేశాను. అప్ప నన్ను ఏ ఒక్క పనికోసం నమ్మిందో, దాన్నే మైదాతో మూసేశాను!

గోరుతో గీకాను. రాలేదు. స్కేలు దూర్చాను. రాలేదు. మన జిగురు అలాంటిది మరి! అప్పుడు నాలోని సైన్సు టీచరు లేచింది. ఆవిరి తగిలితే జిగురు మెత్తబడుతుంది కదా? ఇడ్లీ పాత్రలో నీళ్ళు పోసి, చిల్లుల పళ్ళెం మీద పుస్తకం పెట్టి, మూత వేశాను. పది నిమిషాలకి తీస్తే కాగితం అరటి తొక్కలా ఊడి వచ్చింది. "శభాష్!" అనుకున్నాను.

లోపల చూద్దును కదా, ఊదారంగు చెరువు!

పోర్టులో సరుకు చీటీలు రాసే పెన్సిల్ ఒకటుండేది. తడి తగిలితే ఊదా ఇంకై పారుతుంది. నాన్న దానితోనే రాశాడు. అట్ట మీద ఒక్క అక్షరం మిగలలేదు. పేజీలన్నీ ఉబ్బి పుస్తకం బొబ్బట్ల దొంతరలా లేచింది. స్టవ్ పక్కనే కూలబడి ఏడ్చాను. డెబ్బై దాటిన మనిషిని, ఇంకు ఒలకబోసిన ఒకటో క్లాసు పిల్లలా!

ఊడిన కాగితం పారేయబోతుంటే దాని మీద ఊదా గీతలు కనిపించాయి. రాత దానికి అంటుకుంది, కానీ తిరగబడి! బీరువా అద్దం ముందు పట్టుకున్నాను. పైన నేను పుట్టిన గడియ, నక్షత్రం ఉన్నట్టున్నాయి. అవి మరకలో కలిసిపోయాయి. ఎన్నిసార్లు చూసినా ఒక్క అంకె తేలలేదు. కింద మాత్రం ఒక ముక్క మిగిలింది. నాన్న రాతే, నాన్న గొంతే.

"చిన్న పిల్ల ఈ దినము యుద్ధపు ఘట్టములో రెండు కాగితములు నమిలి మింగినది. ఇక దీనిని ఈ పుస్తకము దరిదాపులకు రానివ్వరాదు."

చూశారా? నన్ను ఉయ్యాలలోనే పసిగట్టేశాడు! రేపు అప్ప ముందు కూర్చుని ఇదే చదవాలి. మిగతాది ఏదంటే ఏం చెప్పను? ఈ రాత నాన్నదని నమ్ముతుందో, నేను అల్లానంటుందో!

సరే, లేవండి, దారివ్వండి. ఒక్కో పేజీ మీద పాత చీర పరిచి ఇస్త్రీ చేస్తున్నాను. వీరుడు ఇప్పుడే నదిలోకి దూకాడు, ఇంకా ఒడ్డుకి చేరలేదు. నూట ఎనభై పేజీలున్నాయి. మీరు మాత్రం ఆ గదిలోకి రావద్దు. ఈ పుస్తకానికి నేనొక్కదాన్ని చాలు.