మూడోసారి అడుగుతారనుకున్నా

చేతికి అందిన ఉద్యోగాన్ని నేనే, నా నోటితోనే, అదీ తప్పు పట్టడానికి వీల్లేని స్పానిష్‌లో సముద్రం పాలు చేసుకున్న వైనం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. గుండె మెత్తనివాళ్లు ముందు ఓ గ్లాసు మజ్జిగ తాగి కూర్చోండి. నవ్వు వస్తే ఆపుకోకండి. ఆ సాయంత్రం జుబైల్ ఒడ్డున తెల్ల పిట్టలు కూడా ఆపుకోలేదు.

నేను ఏడో తరగతి మధ్యలో బడిలోంచి లేచొచ్చిన మనిషిని. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాకు తెలుగే సరిగా రాదని మా సారు బెత్తంతో తీర్మానించాడు. అలాంటివాణ్ని సౌదీ పోయి పైపు ఫిట్టర్నై, హిందీ పట్టుకుని, అరబ్బీ తోక పట్టుకుని, చివరికి స్పానిష్‌లో పడ్డాను. ఎందుకు పడ్డానో చెబితేగానీ ఎలా మునిగానో మీకు తెలియదు.

అవి నితాఖత్ రోజులు. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలి. లేకపోతే ఆ కంపెనీకి ఎర్ర రంగు పడుతుంది. పైగా మాలాంటి పరాయివాళ్ల తలకింత అని లెవీ. మా కంపెనీ ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు మామిడికాయ పండినట్టు పండి, ఇక రాలడానికి సిద్ధంగా ఉంది. ఎర్ర కంపెనీ మనిషికి ఇకామా మళ్లీ రాయరు. ఇకామా అంటే ఆ దేశంలో మనల్ని ఉండనిచ్చే కార్డు. నా కార్డుకు ఇంకా మూడు నెలల ఆయుష్షే ఉంది. ఒక్కటే దారి: ఎరుపులో పడ్డ కంపెనీ వాడు కఫీలు, అంటే వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని, సంతకం లేకుండానే వేరే కంపెనీకి మారిపోవచ్చు. కాకపోతే "రా" అనే కంపెనీ ఒకటి దొరకాలి కదా!

ఆ "రా" అనే కంపెనీ ప్రతి శుక్రవారం సముద్రం ఒడ్డున చేపలు కాలుస్తూ నాకు కనబడేది.

చలికాలం శుక్రవారాలు జుబైల్‌లో ఎలా ఉంటాయో తెలుసా? వారమంతా హెల్మెట్ కింద ఉడికిన తలకు ఒక్కసారిగా గాలి తగులుతుంది. నీళ్లు కదలాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు మెల్లగా ఊగుతుంటాయి. దూరంగా ప్లాంటు మంట కూడా ఆ పూట పనిలో ఉన్నట్టుండదు, ఎవరో దీపం పెట్టి మరిచిపోయినట్టు ఉంటుంది. నేనూ, నా రూమువాడు గంగారాం క్యాంపు బస్సు దిగి అక్కడికే పోయేవాళ్లం. గంగారాం నాకన్నా ఆరేళ్లు చిన్న. పైపు రెంచి ఏ వైపు పట్టుకోవాలో వాడికి నేర్పింది నేనే. ఈ సంగతి గుర్తుంచుకోకపోయినా ఫర్వాలేదు, వాడూ గుర్తుంచుకోలేదు.

ఒక శుక్రవారం మా పక్కన స్పెయిన్ వాళ్ల గుంపు చేపలు కాల్చే పొయ్యి కాలు విరిగింది. నా జేబులో బైండింగ్ వైరు ఎప్పుడూ ఉంటుంది. రెండు మెలికలు తిప్పి నిలబెట్టాను. వాళ్ల పెద్దాయన ఎమీలియో, మా ప్లాంటులోనే ఇంకో కాంట్రాక్టు కంపెనీలో పైపుల సూపర్‌వైజరు, నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన భార్య పిలార్ పళ్లెంలో నా చెయ్యంత హమ్మూర్ చేప పెట్టి ముందుకు చాపింది.

"అయ్యో వద్దమ్మా," అన్నట్టు చెయ్యి ఊపాను. మర్యాదస్తుడిని కదా.

ఆమె "సరే" అన్నట్టు తలూపి, పళ్లెం గంగారాం వైపు తిప్పింది.

"సీ!" అన్నాడు గంగారాం. సీ అంటే అవును. అంతకు ముందు నిమిషమే వాళ్ల పిల్లల నోట విన్నాడు.

నేను రెండో పిలుపు కోసం చూశాను. మా ఊళ్లో అయితే ఇంకో రెండుసార్లు బతిమిలాడాలి, చెయ్యి పట్టి కూర్చోబెట్టాలి, "తినకపోతే నా మీద ఒట్టే" అనాలి. ఇక్కడ చేప ముల్లు కూడా మిగల్లేదు.

"జర తినరాదే అన్నా, మస్తుంది," అన్నాడు గంగారాం, పళ్లెం ఖాళీ అయ్యాక.

ఆ చేపతోనే బుద్ధి వచ్చి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ నాకు ఆ రోజు చేప మీద కన్నా ఆ మాటల మీద మనసు పోయింది. గులకరాళ్ల మీద నీళ్లు జారుతున్నట్టుండే భాష. కోపంగా తిట్టినా ఎవరినో లాలిస్తున్నట్టే వినబడేది. ఆ భాష నేర్చుకుంటాను, ఎమీలియోకు దగ్గరవుతాను, ఆయనే "మా కంపెనీకి రా" అంటాడు, అని ఇసుకలో కూర్చుని లెక్క వేసుకున్నాను. బడి మానేసినవాడి లెక్క!

ఇక చూడండి నా సాధన. శుక్రవారం ఎమీలియో దగ్గర నేర్చుకున్న మాటలు వారమంతా పైపులకు అప్పజెప్పేవాణ్ని. వాల్వుకు శుభోదయం, ఏసీకి శుభరాత్రి. క్యాంపు వంటవాణ్ని స్పానిష్‌లో పప్పు అడిగితే, నాకు జ్వరమని మాత్ర ఇచ్చాడు. కలలు కూడా స్పానిష్‌లోనే వచ్చేవి. నారింజ చెట్ల వీధి, తెల్లటి గోడలు, నేను చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంటే ప్రతి అరుగు మీద నుంచి పలకరింపులు. నేను గడగడా జవాబులిచ్చేవాణ్ని. ఏమిచ్చానో నాకే తెలిసేది కాదు. నిద్ర లేచాక అడగడానికి వాళ్లు ఉండేవాళ్లు కాదు.

గంగారాం మాత్రం "సీ" దగ్గరే ఆగాడు.

"ఇంకో మాటన్న నేర్చుకోరా!" అనేవాణ్ని.

"ఎందుకే అన్నా? కడుపు నిండుతుంది గద."

ఇలా పది శుక్రవారాలు పోయాయి. నా ఇకామాకు రెండు వారాలు మిగిలాయి. ఆ సాయంత్రం సూర్యుడు మా వీపు వెనక ప్లాంటు వైపు దిగుతూ ఉన్నాడు. సముద్రం లేత దానిమ్మ రంగులో మెరుస్తోంది. ఎమీలియో నా పక్కన కూర్చుని, ఇసుక చేతుల్లోంచి జారవిడుస్తూ, మెల్లగా ఒక పెద్ద మాట మాట్లాడాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నాకు అర్థమైంది! జీవితంలో మొదటిసారి ఒక నిండు స్పానిష్ మాట, ఒక్క ముక్క కూడా కింద పడకుండా, నేరుగా నా లోపలికి వచ్చి కూర్చుంది. ఒళ్లు పులకరించింది.

ఆయన అన్నది ఇది: "నార్సయ్యా, మాది ఆకుపచ్చ కంపెనీ. ఒక ఫిట్టర్ కావాలి. నీ పేరు రాయమంటావా?"

నేను ఆ వాక్యం అందం చూస్తూ ఉండిపోయాను. ఇంత మంచి వాక్యానికి అంతకన్నా మంచి జవాబు ఇవ్వొద్దూ? నేర్చుకున్న మర్యాద మాటలన్నీ వరసగా నిలబెట్టాను.

"అబ్బే, నా కోసం మీకెందుకండీ అంత శ్రమ?" అన్నాను స్పానిష్‌లో. "నాకన్నా మంచి పనివాళ్లు ఎందరో ఉన్నారు."

ఎమీలియో కనుబొమలు పైకెత్తాడు. "నిజంగానా? నీకు వద్దా?"

రెండు అయ్యాయి. ఇంకొక్కటి. మూడోదానికి సిగ్గుపడుతూ ఒప్పుకుందామని గొంతు సవరించుకుని, రెండోదానికి ఇంకో మెరుగు పెట్టాను: "ఉన్నచోట నాకేం తక్కువండీ? కంపెనీ కన్నతల్లిలా చూసుకుంటోంది."

ఒక్క తప్పు లేదు! ఒక్కటంటే ఒక్కటి! ఒక్కచోట తడబడినా ఆయన మళ్లీ అడిగేవాడు. అంత శుభ్రంగా మాట్లాడితే అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది? ఎమీలియో కళ్లు చెమర్చాయి. నా భుజం తట్టి, అటు తిరిగి, పొయ్యి దగ్గరున్న గంగారాంను అదే మాట అడిగాడు.

"సీ!" అన్నాడు గంగారాం, నోట్లో రొట్టె ఉండగానే.

పేరు రాసేసుకున్నారు. పొద్దు మునిగింది. నేనూ మునిగాను.

బస్సులో గంగారాం అడిగాడు: "అన్నా, ఇందాక నన్ను ఏమడిగిండే ఆయన?"

చెప్పాను. వాడు బస్సు దద్దరిల్లేలా అరిచాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? పది వారాలు చదివింది వద్దనెతందుకా?"

"మూడోసారి అడుగుతడనుకున్న రా."

"ఆయనేమన్న మీ మేనమామనా, నువ్వు అలిగితే బతిమిలాడెతందుకు!"

తర్వాతి శుక్రవారం వాడే నా చెయ్యి పట్టి ఎమీలియో ముందుకు ఈడ్చుకుపోయాడు. నేను మా ఊరి పద్ధతి వివరించాను. ఎమీలియో తల పట్టుకున్నాడు.

"రెండుసార్లు అడిగాను కదయ్యా! మనిషి వద్దన్నాక మూడోసారి అడగడం మా దగ్గర పీడించడం. నీ తల్లిలాంటి కంపెనీ గురించి ఆఫీసంతా చెప్పాను, చాలామంది మెచ్చుకున్నారు. ఇప్పుడు ఫిట్టర్ ఖాళీ లేదు. ఉన్నదల్లా హెల్పర్..."

"సీ!" అన్నాను. సీ, సీ, సీ! పొయ్యి మీది చేప కూడా ఉలిక్కిపడి పక్కకు తిరిగింది.

అయిపోయిందనుకున్నారా? కాగితాల కోసం ఆఫీసుకు పిలిచారు. ఎమీలియో ఆ వారం సెలవు మీద స్పెయిన్ వెళ్లాడు. అక్కడి కుర్రాడు ముందు గంగారాంను అడిగాడు: "నీకు స్పానిష్ వచ్చా?"

"సీ," అన్నాడు గంగారాం.

రాసుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు. అలవాటు పోతుందా? తల వంచుకుని, మెత్తగా, "ఏదో లెండి, అంతగా రాదు," అన్నాను. స్పానిష్‌లోనే!

అతను రాసుకున్నాడు: రాదు.

అలా గంగారాం స్పానిష్ వచ్చిన ఫిట్టరయ్యాడు, నేను భాష తెలియని హెల్పర్నయ్యాను. రెండేళ్లు. ఫోర్‌మన్లు వచ్చి వాడికి గడగడా చెప్పేవాళ్లు. వాడు "సీ, సీ" అని దర్జాగా తలూపి, వాళ్లు అటు పోగానే నా చెవిలో అడిగేవాడు:

"అన్నా, ఏమన్నడే?"

నేను చెప్పేవాణ్ని. వాడు విని, చెయ్యి చాపేవాడు: "అయితే ఆ రెంచి ఇటియ్యి. అట్ల కాదే అన్నా, సరిగ్గ పట్టుకోవాలె!"

అందుచేత, ఏడో తరగతి సగం దాకా చదివిన నేను, సంపూర్ణ స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రమాణం చేయునది ఏమనగా: ఇకమీదట ఎవరు ఏమివ్వబోయినా మొదటి మాటకే పుచ్చుకుంటాను. "అబ్బే", "ఎందుకు లెండి", "మీకు శ్రమ" అనే మూడు మాటలకు నా నోట్లోంచి ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశాను. తిరిగి రావడానికి వాటికి వీసా లేదు.