కప్పు మీద రెండో పేరు

చెక్కుడు బాబాయి కావాలనే బహుమతి కప్పు మీద మేనకోడలి పేరు లోతుగా చెక్కాడని, ఎవరూ చెరపలేకుండా ఉండాలనే ఆ పని చేశాడని మన వీధిలో చెప్పుకుంటున్నారు. సెలూన్లో మొదలైన ఈ మాట బట్టల కొట్టు దాకా వచ్చేసరికి, ఆయన జ్యూరీ వాళ్ళని ఇంటికి పిలిచి భోజనం కూడా పెట్టాడట. అవన్నీ గాలి కబుర్లు. జ్యూరీ వాళ్ళని ఇంటికి పిలవడం మాట అలా ఉంచండి, పిలిస్తే కూర్చోబెట్టడానికి ఆయనింట్లో కాళ్ళు సరిగ్గా ఉన్న కుర్చీ ఒక్కటీ లేదు. అసలు జరిగింది నేను చెబుతాను.

బాబాయి కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉంటుంది. లోపలికి వంగి వెళ్ళాలి, బయటికి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని రావాలి. ఇళ్ళ నేమ్ ప్లేట్లు, పరుగు పందాల కప్పులు, రిటైరయ్యేవాళ్ళకి ఇచ్చే గడియారాలు, అన్నిటి మీదా పేర్లు ఆయనే చెక్కుతాడు. మిషన్ లేదు. ఉలి, చిన్న సుత్తి, అంతే. ఆయనకి ఒక గుణం ఉంది. మనిషి నచ్చితే ఉలి లోతుకి దిగుతుంది, నచ్చకపోతే పైపైనే పోతుంది. అది ఆయనకే తెలియదు. కొన్నాళ్ళకే మాసిపోయిన నేమ్ ప్లేట్లు మన ఊళ్ళో కొన్ని ఉన్నాయి. ఎవరివో నేను చెప్పను. పక్క వీధి డాక్టరుగారి గుమ్మం దగ్గర ఆగి మీరే చూసుకోండి.

ఏటా ఇక్కడ జరిగే అంతర్జాతీయ యానిమేషన్ సినిమాల ఉత్సవంలో పెద్ద బహుమతి మీద పేరు చెక్కేది కూడా బాబాయే. ఏడాదంతా ఒకే చొక్కాతో గడిపే మనిషి ఆ రోజు మాత్రం ఇస్త్రీ చేయించుకుని, బూట్లు తుడుచుకుని వెళతాడు. వచ్చాక వారం రోజులు అదే కబురు. ఆ పని అంటే ఆయనకి అంత ఇష్టం.

అక్కడ పద్ధతి ఏమిటంటే, జ్యూరీ కూర్చునే గది పక్కనే చిన్న గదిలో ఆయన్ని కప్పుతో సహా కూర్చోబెట్టి, ఫోన్ తీసేసుకుంటారు. నిర్ణయం కాగానే కార్యదర్శి వచ్చి గెలిచినవాళ్ళ పేరు చెవిలో చెబుతాడు. సాయంత్రం వేదిక ఎక్కేలోపు పేరు చెక్కెయ్యాలి. ఆ కప్పు పీఠం ఇత్తడితో ఒకే ముక్కగా పోతపోసింది. రేకు మార్చడానికి లేదు, తప్పు పడితే అరగదీసి మళ్ళీ చెక్కాల్సిందే.

కిందటేడు బాబాయి మేనకోడలి సినిమా కూడా పోటీలో ఉంది. చిరిగిన గుడ్డ ముక్కలతో ఒక గొడుగుని చేసి, అది వానలో తలదాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్నట్టు తీసింది. బాబాయి ముందే వెళ్ళి ఆ పిల్ల మా అక్క కూతురండీ అని కమిటీకి చెప్పాడు. చెక్కేవాడివే గానీ ఎంచేవాడివి కాదుగా, ఫరవాలేదన్నారు. వాళ్ళక్క మాత్రం ఊరుకోలేదు. గోడకి ఇటు నువ్వు, అటు వాళ్ళు, ఒక మాట వేస్తే నీ ఉలి అరిగిపోతుందా అని వారం రోజులు ప్రాణం తీసింది. ఆవిడ మాట్లాడుతుంటే బాబాయి సుత్తి చప్పుడు పెంచేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం కార్యదర్శి వచ్చి చెవిలో చెప్పిన పేరు మేనకోడలిదే. బాబాయి రెండోసారి చెప్పించుకున్నాడట. తర్వాత ఉలి తీశాడు. ఆ పిల్ల పాకుతూ ఆయన కొట్టులో ఇత్తడి పొడి నోట్లో పెట్టుకున్న రోజుల నుంచీ గుర్తుకొచ్చి ఉంటుంది. ఒక్కొక్క అక్షరం ఎంత లోతుకి దిగిందో ఆయన చూసుకోలేదు.

చెక్కడం అయిపోయి ముద్దుగా తుడుచుకుంటుంటే కార్యదర్శి మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. జ్యూరీలో ఓట్లు చేతులెత్తి వేస్తారు. వాళ్ళలో ఒక సంగీత దర్శకుడికి ఉక్కపోత ఎక్కువ. కిటికీ తెరవమని చెయ్యెత్తితే, దాన్ని గొడుగు సినిమాకి ఓటు కింద లెక్కేశారు. భోజనాల దగ్గర గానీ సంగతి బయటపడలేదు. తను చెయ్యెత్తింది కిటికీ కోసమని అక్కడ ఆయనే నలుగురిలో చెప్పి నవ్వాడు. మళ్ళీ చేతులెత్తితే, గాజు పలక మీద ఇసుకతో బొమ్మలు కదిలించిన ఒక పరదేశీ గడ్డపాయన గెలిచాడు.

బాబాయి తలుపేసుకుని ఆకురాయి పట్టాడు. గీకాడు, గరుకు కాగితంతో రుద్దాడు, మెరుగు పెట్టాడు. గదిలో బల్బు కింద చూస్తే నున్నగా కనిపించింది. దాని మీద గడ్డపాయన పేరు చెక్కి ఇచ్చేశాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. గడ్డపాయన కప్పు అందుకుని, పేరు చదువుకుందామని వేదిక మీది దీపం వైపు కాస్త వాల్చాడు. కెమెరా దగ్గరికి వచ్చింది. వెనక పెద్ద తెర మీద ఆయన పేరు, దాని అడుగున మసగ్గా ఇంకో పేరు. హాలంతా చదివింది. బాబాయి అక్క లేచి నిలబడింది.

"అది నా కూతురి పేరు."

కూతురు చెయ్యి పట్టుకుని కిందికి లాగుతోంది, ఆవిడ కూర్చుంటేగా. కార్యదర్శి కప్పు వెనక్కి తీసుకోబోయాడు. గడ్డపాయన ఇవ్వలేదు. పక్కనున్న దుబాసీతో ఏదో చెప్పి నవ్వాడు. దుబాసీ మైకులో అన్నాడు: "ఈ కప్పులో నేను అద్దెకి దిగానన్నమాట. ఇంటివారు ఎక్కడున్నారో ఒకసారి చూపించండి." ఆ పిల్ల ముఖం కప్పుకుంది. పాపం, అడుగు పేరు చెరపొద్దని బతిమాలి మరీ ఆయన ఆ కప్పు పట్టుకెళ్ళాడు.

హాల్లో నవ్వులు సరే, కమిటీ గదిలో ఎవరూ నవ్వలేదు. మొదటి నిర్ణయం ఏమిటన్నది బయటికి పొక్కకూడదు. ఈయన చేతి వల్ల ఊరంతటికీ తెలిసిపోయింది. మర్నాడు బాబాయిని పిలిచారు. వెంట వద్దన్నా అక్క వచ్చింది. అధ్యక్షుడు మంచివాడే, దారి కూడా చూపించాడు.

"పోతలో లోపం ఉందని ఒక్క ముక్క అనవయ్యా. వచ్చే ఏడు కూడా నువ్వే చెక్కుదువు గాని."

బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"ఇత్తడి బాగానే ఉందండి. నా చెయ్యే లోతుకి దిగింది."

"ఆ పోతపోసినవాడేమన్నా నీ వియ్యంకుడా, వెనకేసుకొస్తున్నావు?" అంది అక్క. "రాసిచ్చిన అబద్ధం అప్పజెప్పడం కూడా రాదురా నీకు."

దాంతో ఈ ఏటి నుంచి ఆ పని మిషన్ వాళ్ళకిచ్చారు. కావాలనే చేసి ఉంటే, అంత సుళువైన అబద్ధం చేతికిస్తే వదులుకుంటాడా? మీరే చెప్పండి. అక్క మాత్రం రోజూ కొట్టు ముందు స్టూలేసుకుని, గడ్డపాయనది పై వాటా, అసలు ఇల్లు మా పిల్లదేనని వచ్చేపోయేవాళ్ళకి వినిపిస్తోంది. ఆయన సుత్తి చప్పుడు పెంచుతున్నాడు.

మళ్ళీ ఉత్సవం రోజులు దగ్గరపడుతున్నాయి. ఈమధ్య కొట్టు ఆలస్యంగా తెరుస్తున్నాడు, తెరిచినా పలకడం లేదు. మీరు ఆ వైపు వెళితే మెట్ల కింద కాస్త తొంగి చూడండి. పలకరింపు ఒక్కటే పట్టుకుని వెళ్ళకండి, ఏదైనా చెక్కే పని తీసుకెళ్ళండి, పని చూస్తేనే ఆయనకి మాట వస్తుంది. ఎలా ఉన్నాడో నాకూ ఒక ముక్క చెప్పండి.